లక్ష్మణ్‌ను ఏ తూకంతో తూచాలి?

పోయిన వేసవిలో మా సంఘం క్రికెట్ పోటీలు జరిగిన రోజున, రెండు మ్యాచ్‌ల మధ్య విరామంలో చెట్టు నీడన కూర్చుని ఉండగా, మా మిత్రుడి కొడుకు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఈ పరాయి దేశంలోనే పుట్టి పెరిగిన కుర్రాడు, ఆట బాగా తెలిసినవాడు. పెద్దవాళ్లం ఎప్పటిలాగే వి.వి.ఎస్. లక్ష్మణ్ గురించి మాట్లాడుకుంటున్నాం. అతను కాసేపు విని, ఫోన్ తీసి అంకెలు చూసి, మర్యాదగానే అయినా సూటిగా అడిగాడు. “అంకుల్, 134 టెస్టుల్లో 17 సెంచరీలే ఉన్నాయి. సగటు 45.97, అంటే యాభై కూడా లేదు. ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇంగ్లండ్ మీద ఒక్క సెంచరీ లేదు. మీరంతా ఆయన్ని సచిన్, ద్రవిడ్‌ల పక్కన ఎందుకు కూర్చోబెడతారు? మన తెలుగువాడు కాబట్టే కదా?”

ఆ చివరి మాట నన్ను గుచ్చుకుంది. అతను చెప్పిన అంకెల్లో ఒక్కటి కూడా తప్పు కాదు. అవే అంకెలు లక్ష్మణ్ ఆడుతున్న రోజుల్లోనూ, ఆట మానేసి ఇన్నేళ్లు గడిచాక కూడా, అతని విమర్శకుల నోట మళ్లీ మళ్లీ వినిపిస్తూనే ఉన్నాయి. వాటికి జవాబు చెప్పవలసిన ప్రతిసారీ మనలో చాలామంది “మన హైదరాబాద్ వాడండీ” అంటూ అభిమానం చాటున దాక్కోవడం వల్లనే, అతని గొప్పతనమంతా ప్రాంతాభిమానం పెంచిన గాలిబుడగ అనే అపోహ బలపడింది. అందుకే ఈ వ్యాసంలో లక్ష్మణ్ ఎక్కడివాడన్న మాటను వాదంగా వాడుకోను. నిజానికి ఆ అవసరం కూడా లేదు. అతణ్ణి అందరికంటే ఎక్కువగా నెత్తిన పెట్టుకున్న ఊరు కోల్‌కతా. ఈడెన్ గార్డెన్స్‌లో 10 టెస్టుల్లో 5 సెంచరీలతో 1217 పరుగులు చేసిన బ్యాట్స్‌మన్‌ను అక్కడివాళ్లు ప్రేమించడానికి భాషతో పనిలేదు.

ముందుగా ఆ 45.97 సంగతి చూద్దాం. సచిన్ సగటు 53.78, ద్రవిడ్ సగటు 52.31. వాళ్లిద్దరికంటే లక్ష్మణ్ ఎక్కువ పరుగులు చేశాడని గానీ, ఎక్కువ నిలకడగా ఆడాడని గానీ నేను అనను. అలా అనేవాళ్లు లక్ష్మణ్‌కు మేలు చేయడం లేదు. నేను అనేది వేరు. జట్టు స్కోరు 500కు 3 వికెట్లుగా ఉన్నప్పుడు చేసిన పరుగునూ, 124కు 8 వికెట్లుగా ఉన్నప్పుడు చేసిన పరుగునూ సగటు ఒకే రాయి వేసి తూస్తుంది. చాలామంది బ్యాట్స్‌మెన్ విషయంలో ఈ లోపం పెద్దగా బయటపడదు, ఎందుకంటే దీర్ఘకాలంలో సులువైన పరుగులూ కష్టమైన పరుగులూ దాదాపు అందరి ఖాతాలోనూ కలిసిపోతాయి. లక్ష్మణ్ ఖాతాలో అవి సమంగా కలవలేదు. ద్రవిడ్, సచిన్‌ల తర్వాత, ఎక్కువగా ఐదో స్థానంలోనో ఆరో స్థానంలోనో దిగే మనిషికి రెండు రకాల రోజులే ఎదురవుతాయి. పైవాళ్లు బాగా ఆడిన రోజున స్కోరు నాలుగు వందలు దాటాక, కెప్టెన్ ఇన్నింగ్స్ ఇక చాలని ప్రకటించే (డిక్లరేషన్) ముంగిట క్రీజులోకి వస్తాడు. పైవాళ్లు విఫలమైన రోజున అరవై పరుగులకు నాలుగు వికెట్లు పోయాక వస్తాడు, అవతలి కొస నుంచి కాసేపటికే టెయిలెండర్లు, అంటే బ్యాటింగ్ అంతగా రాని చివరి వరుస ఆటగాళ్లు, రావడం మొదలవుతుంది. అతని పేరు మీద 17 సెంచరీలకు 56 అర్ధసెంచరీలు ఉన్నాయని, యాభైని వందగా మలచడం చేతకాలేదని వెక్కిరించేవాళ్లు, ఆ అర్ధసెంచరీల్లో ఎన్ని అవతలి కొసన మనిషి లేక ఆగిపోయాయో, ఎన్ని జట్టు గెలిచేయడం వల్ల ఆగిపోయాయో ఒక్కసారి స్కోరుకార్డులు తిరగేస్తే బాగుంటుంది.

విచిత్రం ఏమిటంటే, సగటు తక్కువన్న విమర్శకులే ఇంకోవైపు ఆ సగటు కూడా నాటౌట్ల పుణ్యమే అంటారు. పరుగుల్ని అవుటైన ఇన్నింగ్స్‌లతోనే భాగిస్తారు కాబట్టి నాటౌట్లు సగటును పెంచుతాయి. అతని 225 ఇన్నింగ్స్‌లలో 34 నాటౌట్లు ఉన్నమాట నిజమే. వాటిలో కొన్నింటిని చూడండి. 2003లో మొహాలీలో న్యూజిలాండ్ మీద ఫాలోఆన్ (బాగా వెనకబడిన జట్టు వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగడం) ఆడవలసి వచ్చిన టెస్టులో 104 నాటౌట్, 67 నాటౌట్, మ్యాచ్ డ్రా. 2009లో నేపియర్‌లో మళ్లీ ఫాలోఆన్, గౌతమ్ గంభీర్ 137 పరుగులకు తోడుగా 124 నాటౌట్, మ్యాచ్ డ్రా. 2010 ఆగస్టులో కొలంబోలో శ్రీలంక మీద 257 పరుగుల లక్ష్యం, స్కోరు 62కు 4 వికెట్లు, వెన్నునొప్పితో 103 నాటౌట్, గెలిచి సిరీస్ సమం. నాటౌట్ అన్న మాటకు ఇక్కడ ఒకటే అర్థం. పని పూర్తయ్యేదాకా మనిషి క్రీజు వదలలేదు.

ఆ పనిని దగ్గరగా చూడాలంటే 2010 అక్టోబర్ 5న మొహాలీకి వెళ్లాలి. ఆస్ట్రేలియా మీద గెలవడానికి 216 పరుగులు కావాలి. ఐదో రోజు ఉదయం ఆట మొదలయ్యేసరికే నాలుగు వికెట్లు పోయాయి. వెన్ను పట్టేసి సరిగా వంగలేని, పరుగెత్తలేని స్థితిలో లక్ష్మణ్ దిగాడు. అతని బదులు పరుగెత్తడానికి సురేశ్ రైనా రన్నర్‌గా నిలబడ్డాడు. చూస్తుండగానే స్కోరు 124కు 8 వికెట్లు. ఇంకా 92 పరుగులు కావాలి, వచ్చింది ఇషాంత్ శర్మ. ఇలాంటప్పుడు చాలామంది ప్రధాన బ్యాట్స్‌మెన్ స్ట్రైక్ అంతా తామే ఉంచుకుని, అవతలివాణ్ణి బౌలర్ల కంటపడకుండా దాచిపెడతారు. లక్ష్మణ్ ఇషాంత్‌ను దాచలేదు, నమ్మాడు. ఇషాంత్ 31 పరుగులు చేశాడు, ఇద్దరూ కలిసి 81 పరుగులు జోడించారు. స్కోరు 205 దగ్గర ఇషాంత్ అవుటయ్యాడు. ఇంకా 11 పరుగులు, చేతిలో ఒక్క వికెట్, వచ్చింది ప్రజ్ఞాన్ ఓజా. కెరీర్ మొత్తంలో మైదానంలో గొంతు పెంచని మనిషి, ఒక పరుగు కోసం కదలడంలో తడబడ్డ ఓజా మీద బ్యాట్ ఎత్తి గట్టిగా అరిచాడు. సొంత రంజీ జట్టు కుర్రాడి మీద ఆ అరుపు చూసి టీవీల ముందున్నవాళ్లందరికీ ఒక్కసారిగా విషయం అర్థమైంది. ఆ ప్రశాంతత స్వభావం మాత్రమే కాదు, దాని కింద ఎంత ఒత్తిడి అణిచిపెట్టి ఉందో ఆ ఒక్క క్షణంలో కనిపించింది. ఒక్క వికెట్ తేడాతో భారత్ గెలిచింది. లక్ష్మణ్ స్కోరు 73 నాటౌట్. సగటుల లెక్కలో అది మరో డెబ్బై మూడు, అంతే. సెంచరీల పట్టికలో అసలు కనిపించనే కనిపించదు.

ఇక అందరూ ఎత్తే మాట, “ఆస్ట్రేలియా మీద తప్ప ఆడలేదు” అన్నది. ఇది మొదట అంకెల ప్రకారమే నిలబడదు. 17 టెస్టు సెంచరీల్లో ఆస్ట్రేలియా మీద చేసినవి 6, మిగిలిన 11 వెస్టిండీస్, న్యూజిలాండ్, శ్రీలంక, దక్షిణాఫ్రికా, పాకిస్తాన్, జింబాబ్వేల మీద చేసినవి. కానీ వాదన కోసం ఒప్పుకుందాం, ఆస్ట్రేలియా మీదే ఎక్కువగా ఆడాడనుకుందాం. ఆ రోజుల్లో ఆస్ట్రేలియా అంటే ఏమిటో గుర్తుచేసుకోవాలి. మెక్‌గ్రాత్, గిలెస్పీ, వార్న్ వంటి బౌలర్లు ఒకే జట్టులో ఉన్న కాలం అది. వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన జట్టు అది, ఆ వరస తెగింది 2001లో కోల్‌కతాలో లక్ష్మణ్ 281 చేసిన టెస్టులో. ఏడేళ్ల తర్వాత ఆ దేశపు జట్టు మళ్లీ వరుసగా 16 గెలిచింది, ఆ వరస కూడా 2008 జనవరిలో పెర్త్‌లో భారత్ చేతిలోనే తెగింది, అక్కడ రెండో ఇన్నింగ్స్‌లో భారత్ తరఫున అత్యధిక స్కోరు లక్ష్మణ్ చేసిన 79. తన కాలంలో అత్యుత్తమ జట్టు మీద అత్యుత్తమంగా ఆడడం ఒక బ్యాట్స్‌మన్ మీద నేరారోపణగా మారడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. బలహీన జట్ల మీద పరుగులు దండుకుని, బలమైన జట్టు ఎదురైతే తేలిపోయిన వాళ్లను కదా మనం తప్పు పట్టాలి.

2001 మార్చి నాటి కోల్‌కతా టెస్టు గురించి రాయవలసినదంతా ఎందరో రాశారు. కానీ ఈ పత్రిక చదివే నా తరం పాఠకులకు ఆ టెస్టు అందరిలా గుర్తుండదు. మనలో చాలామందికి అప్పట్లో ఇళ్లలో క్రికెట్ చానళ్లు లేవు. ఫోన్ తీగ మీద నడిచే ఇంటర్నెట్‌లో స్కోరుకార్డు తెరిచి, నిమిషానికోసారి దాన్ని మళ్లీ తెరుస్తూ, అక్షరాలు పైనుంచి కిందికి ఒక్కొక్క వరుసే దిగివస్తుంటే ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. ఇండియాలో నాలుగో రోజు ఆట మొదలయ్యేసరికి మాకు రాత్రి. భారత్ మొదటి ఇన్నింగ్స్‌లో 171కే కూలి, 274 పరుగులు వెనకబడి ఫాలోఆన్ ఆడుతోంది. ఆ 171లోనూ 59 పరుగులతో అత్యధిక స్కోరు లక్ష్మణ్‌దే, అది చూసే అతణ్ణి రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానానికి పంపారు. వికెట్లు పడిన వరుసలో చివరి అంకె 232. గంగూలీ అవుటైన స్కోరు అది. ఆ అంకె పక్కన కొత్త అంకె వస్తుందేమోనని భయపడుతూ పేజీ తెరవడం, రాలేదని చూసి మళ్లీ తెరవడం, ఇలా రాత్రంతా గడిచి తెల్లవారుతున్నా అక్కడ 232 తర్వాత ఖాళీయే. ఆ రోజంతా లక్ష్మణ్, ద్రవిడ్ కలిసి 335 పరుగులు చేశారు, ఒక్క వికెట్ పడలేదు. మర్నాడు లక్ష్మణ్ అవుటయ్యేసరికి స్కోరు 608. ఇద్దరి భాగస్వామ్యం 376. ఆ వేళ ఆఫీసుకు వెళ్లిన మన వాళ్లలో నిద్రపోయి వెళ్లినవాళ్లు తక్కువ.

ఆ ఇన్నింగ్స్‌లో వార్న్‌ను అతను ఆడిన తీరును తర్వాత వీడియోల్లో ఎన్నోసార్లు చూశాను. వార్న్ లెగ్ స్టంప్ బయట, బౌలర్ల అడుగులకు గరుకెక్కిన చోటును గురిచూసి బంతి వేస్తాడు. అక్కడ పడిన బంతి కుడిచేతి బ్యాట్స్‌మన్ కాళ్ల వెనకనుంచి తిరిగి లోపలికి వస్తుంది. చాలామంది దానికి కాలు అడ్డం పెట్టి బతుకుతారు. లక్ష్మణ్ రెండు అడుగులు ముందుకేసి, బంతి పిచ్ అయ్యే చోటుకు చేరుకుని, అదే బంతిని ఒకసారి కవర్స్ మీదుగా, మరోసారి స్పిన్‌కు ఎదురుగా మిడ్ వికెట్ వైపు పంపాడు. ఒకే బంతికి రెండు వైపులా దారి ఉన్న బ్యాట్స్‌మన్‌కు ఏ కెప్టెన్ అయినా ఫీల్డింగ్ ఎక్కడ పెట్టాలి? ఆ ఇన్నింగ్స్‌లో వార్న్ 34 ఓవర్లలో 152 పరుగులిచ్చి ఒక్క వికెట్ తీశాడు. వార్న్ బాగా వేయలేదని కాదు, బాగా వేసిన బంతులకే ఆ గతి పట్టింది.

ఇక్కడే ఇంకో విమర్శకు కూడా జవాబు ఉంది. లక్ష్మణ్ కాళ్లు కదలవని, ఉన్నచోటే నిలబడి చేతులతో ఆడతాడని, ఆ సొగసులో బద్ధకం ఉందని అనేవాళ్లు. ఇన్నింగ్స్ తొలి ఓవర్లలో, లోపలికి దూసుకొచ్చే బంతికి అతని పాదం ఆలస్యంగా కదిలిన సందర్భాలు ఉన్నాయి, అలా అవుటైన సందర్భాలూ ఉన్నాయి. అంతవరకు ఒప్పుకోవలసిందే. కానీ అతని ఆటలో తొందర లేకపోవడాన్ని బద్ధకమని పిలవడం చూసే కంటి లోపం. బంతిని అందరికంటే ముందుగా పసిగట్టినవాడికి తొందరపడే అవసరం ఉండదు. హైదరాబాద్ మైదానాల్లో మణికట్టుతో ఆడే తీరు లక్ష్మణ్‌తో పుట్టలేదు, ఎం.ఎల్. జయసింహ, అజహరుద్దీన్ వంటి వాళ్ల నుంచి అది ఆ ఊరి క్రికెట్‌లో పారుతూ వచ్చింది. జయసింహ 1968లో సిరీస్ మధ్యలో పిలుపు అందుకుని ఆస్ట్రేలియా వెళ్లి, బ్రిస్బేన్‌లో దిగీదిగగానే 74, 101 పరుగులు చేశాడు. మణికట్టు ఆట చూడడానికి సుకుమారంగా ఉంటుంది గాని, ఆడేవాడికి అది మహా కఠినం. ఆఫ్ స్టంప్ బయటి బంతిని మిడ్ వికెట్‌కు తిప్పాలంటే చివరి క్షణం వరకు బ్యాట్ ముఖం నిటారుగా ఉంచి, బంతి తగిలే ఘడియలో మాత్రమే తిప్పాలి. వెంట్రుకవాసి ముందు తిప్పినా క్యాచే. చూసేవాళ్లకు శ్రమ కనిపించలేదంటే అతను శ్రమపడలేదని అర్థం కాదు.

అది కఠినమైన ఆటని నమ్మనివాళ్లు 2010 డిసెంబర్ నాటి డర్బన్ టెస్టు చూడాలి. సెంచూరియన్‌లో ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయి వచ్చిన భారత జట్టు, దక్షిణాఫ్రికా బౌలర్లు స్టెయిన్, మోర్కెల్‌ల ముందు ఎగిరెగిరిపడే పిచ్ మీద ఆడవలసి వచ్చింది. మొదటి ఇన్నింగ్స్‌లో భారత్ తరఫున అత్యధిక స్కోరు లక్ష్మణ్ చేసిన 38. రెండో ఇన్నింగ్స్‌లో స్కోరు 56కు 4 వికెట్లు ఉండగా అతను తన పని మొదలుపెట్టి, జహీర్ ఖాన్‌ను వెంటబెట్టుకుని నడిపించి, చివరి వికెట్‌గా 96 దగ్గర అవుటయ్యాడు. రెండు జట్లలో కలిపి మరే బ్యాట్స్‌మన్ ఆ మ్యాచ్‌లో అర్ధసెంచరీ చేయలేకపోయాడు. భారత్ 87 పరుగులతో గెలిచింది. మళ్లీ సెంచరీల పట్టికలో దీనికి చోటు లేదు. ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. డర్బన్‌లో చేసిన ఆ 96, అతని డబుల్ సెంచరీల్లో ఒకటైన ఢిల్లీ 200 నాటౌట్ కంటే గొప్ప ఇన్నింగ్స్. ఢిల్లీలో గంభీర్ కూడా 206 చేశాడు, మ్యాచ్ డ్రా అయింది. ఏ లెక్కల పుస్తకం తెరిచినా 200 పైన ఉంటుంది, 96 కింద ఉంటుంది.

సెంచరీలనే కొలబద్దగా పెట్టుకుందామన్నా సరే, లెక్క లక్ష్మణ్‌కు అనుకూలంగానే తేలుతుంది. అతను సెంచరీ చేసిన 17 టెస్టుల్లో భారత్ 7 గెలిచింది, 8 డ్రా చేసుకుంది, ఓడిపోయినవి 2 మాత్రమే. ఆ గెలుపుల్లో 2003 అడిలైడ్ ఉంది. ఆస్ట్రేలియా 556 పరుగులు చేశాక 85కు 4 వికెట్లు పోగొట్టుకున్న దశలో ద్రవిడ్‌తో కలిసి 303 పరుగులు జోడించి, 148 చేసి, 1981 తర్వాత ఆస్ట్రేలియా గడ్డ మీద భారత్‌కు మొదటి టెస్టు గెలుపుకు దారి వేసిన ఇన్నింగ్స్ అది. ఓడిన రెండు మ్యాచ్‌లూ సిడ్నీలోనివి. వాటిలో మొదటిది, 2000 జనవరి నాటి 167, ఓడిపోయిన మ్యాచ్‌లో చేసిన పరుగులకు విలువేమిటని అడిగేవాళ్లకు ఇష్టమైన ఉదాహరణ. ఆ ఇన్నింగ్స్‌లో భారత్ మొత్తం స్కోరు 261. లక్ష్మణ్ తర్వాతి అత్యధిక స్కోరు 25. తన స్థానం కాని ఓపెనింగ్‌లో దిగి, మిగిలిన పదిమందీ, ఎక్స్‌ట్రాలూ కలిసి 94 పరుగులు జోడించిన చోట 167 చేసిన మనిషిని ఓటమికి బాధ్యుణ్ణి చేయడం ఏ న్యాయమో నాకు తెలియదు.

ఇంగ్లండ్ మీద సెంచరీ లేదన్న మాటకు మాత్రం నా దగ్గర ఎదురు జవాబు లేదు. అది లోటే.

వన్డేల సంగతికి వస్తే, 86 మ్యాచ్‌లు, 2338 పరుగులు, సగటు 30.76. మధ్య ఓవర్లలో సింగిల్స్ తీయడంలో చురుకు చాలలేదని, వికెట్ల మధ్య పరుగు నెమ్మదని, స్లిప్‌లో తప్ప మైదానంలో వేగం లేదని సెలక్టర్లు అనుకున్నారు. 2003 ప్రపంచకప్‌కు అతణ్ణి వదిలేశారు. ఆ నిర్ణయంలో కొంత తర్కం ఉందని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ దెబ్బకు ఆట వదిలేద్దామా అన్నంత కుంగుబాటు కలిగిందని తర్వాత లక్ష్మణే చెప్పుకున్నాడు. అయితే ఆ తర్వాత జరిగినదాన్ని విమర్శకులు ఎప్పుడూ చెప్పరు. అతని 6 వన్డే సెంచరీల్లో 5 ఆ ప్రపంచకప్ ముగిశాక, 2003 అక్టోబర్ నుంచి 2004 మార్చి వరకు ఆరు నెలల్లోపే వచ్చాయి. గ్వాలియర్, బ్రిస్బేన్, సిడ్నీల్లో ఆస్ట్రేలియా మీద, అడిలైడ్‌లో జింబాబ్వే మీద, చివరిగా పాకిస్తాన్ పర్యటనలో సిరీస్‌ను తేల్చే ఐదో వన్డేలో, లాహోర్‌లో 107. భారత్ ఆ మ్యాచ్ 40 పరుగులతో గెలిచి సిరీస్ గెలుచుకుంది. వన్డేలకు పనికిరాడని ముద్ర వేసిన మనిషి ఇంతకంటే మర్యాదగా, ఇంతకంటే గట్టిగా ఇంకేం జవాబు చెప్పాలి? అయినా 2007 ప్రపంచకప్‌లోనూ అతని పేరు లేదు. ఇతరులు తీసుకున్న నిర్ణయాన్ని తెచ్చి ఆటగాడి లోపాల పట్టికలో రాయడం, పరీక్ష హాలు తలుపు మూసేసి, విద్యార్థి పరీక్ష రాయలేదని నింద వేయడం లాంటిది.

చివరి ఏడాది గురించి కూడా అంటారు. 2011లో ఇంగ్లండ్‌లో నాలుగు టెస్టుల్లో 182 పరుగులు, ఆ శీతాకాలంలో ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టుల్లో 155 పరుగులు. రెండు సిరీస్‌లూ భారత్ 4-0తో ఓడింది. ఎప్పుడూ అతనికి అచ్చివచ్చిన ఆస్ట్రేలియాలో అతని బ్యాట్ అలా మూగబోవడం చూసినవాళ్లకు బాధ కలిగిన మాట నిజం. ఆ రెండు పర్యటనల మధ్య కోల్‌కతాలో వెస్టిండీస్ మీద 176 నాటౌట్ ఉందని గుర్తుచేయడం తప్ప, ఆ వైఫల్యాలను నేను కప్పిపుచ్చను. ముప్పై ఏడేళ్లు నిండిన మనిషి రిఫ్లెక్సులు మందగించాయి, అంతే. కానీ కుర్రాళ్లకు దారివ్వకుండా జట్టును పట్టుకుని వేలాడాడన్న నింద మాత్రం పచ్చి అబద్ధం. 2012 ఆగస్టులో న్యూజిలాండ్ సిరీస్‌కు సెలక్టర్లు అతణ్ణి ఎంపిక చేశారు. మొదటి టెస్టు సొంత ఊళ్లో, ఉప్పల్‌లో. తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు, చిన్ననాటి మిత్రులు చూస్తుండగా ఆడి, చివరి రోజున భుజాల మీద ఊరేగి వీడ్కోలు తీసుకునే అవకాశం చేతిలో ఉంది. ఎవరూ కాదనేవాళ్లు లేరు. ఆగస్టు 18న, టెస్టుకు ఐదు రోజుల ముందు, అతను రిటైర్‌మెంట్ ప్రకటించాడు. ఆ టెస్టు ఆడలేదు కూడా. 23న ఉప్పల్‌లో ఆట మొదలైంది, అతను లేని ఆ బ్యాటింగ్ వరుసలో కుర్రాడు చతేశ్వర్ పుజారా 159 పరుగులు చేశాడు.

ఇవన్నీ ఆ వేసవి మధ్యాహ్నం ఆ కుర్రాడికి ఈ వరుసలో చెప్పలేదు. అంత సమయం లేదు. అతని ఫోన్‌లోనే మొహాలీ టెస్టు స్కోరుకార్డు తెరిపించాను. 73 నాటౌట్ చూశాడు. 124కు 8 వికెట్లు చూశాడు, ఆ తర్వాతి అంకె 205 చూసి కాసేపు ఆగాడు. వెన్నునొప్పితో ఆడాడని, రైనా అతని బదులు పరుగెత్తాడని చెప్పాను. అతను స్కోరుకార్డు పైనుంచి కిందిదాకా మళ్లీ వెతికాడు.

“రైనా అప్పటికే అవుటయ్యాడు కదా అంకుల్. మళ్లీ ఎలా పరుగెత్తాడు? ఇక్కడ ఎక్కడా లేదే?”

రన్నర్లను అంతర్జాతీయ క్రికెట్‌లో 2011లోనే తీసేశారని, అతను ఆట చూడడం మొదలుపెట్టేసరికి ఆ పద్ధతే లేదని నాకు అప్పుడు తట్టింది. రన్నర్ పేరు స్కోరుకార్డులో ఎప్పుడూ రాయరని చెప్పాను. బ్యాట్ పట్టుకున్న మనిషి ఒకచోట, పరుగెత్తే మనిషి స్క్వేర్ లెగ్ పక్కన ఇంకోచోట, అవతలి కొసన ఎప్పుడు పరుగెత్తాలో తెలియని పదకొండో నంబర్ బ్యాట్స్‌మన్, అంతా ఎలా ఉండేదో గడ్డి మీద మూడు బంతులు పెట్టి చూపించాను. అతను వాటిని అటూ ఇటూ జరిపి, ఓజా ఎక్కడ నిలబడ్డాడో, లక్ష్మణ్ ఎందుకు అరిచాడో అడిగి తెలుసుకుంటూ ఉండగానే వాళ్ల జట్టును బ్యాటింగ్‌కు పిలిచారు.